గ్రామసభ – రైతు కర్తవ్యము

చెరువునకు గండి పడిన రాత్రి ఊరంతయు కట్టమీదికి పరుగెత్తును. పారలు, తట్టలు, గోనెసంచులు ఎవరును అడుగకయే వచ్చును. కులభేదము లేదు, పార్టీభేదము లేదు. కాని ఆ గండి పడుటకు ఆరుమాసముల ముందు, కట్టమీది తుమ్మమొక్కలను ఎప్పుడు కొట్టింపవలయును, తూమునకు మరమ్మతు ఎవరు చేయవలయును, అందులకు రూకలెక్కడివి యని యోచించుటకు గ్రామసభను పిలిచిన దినమున ఎందరు వచ్చియుందురు? పది మందియో, పదునైదు మందియో. తక్కినవారి వ్రేలిముద్రలు, చేవ్రాళ్లు మరునాడు ఇంటింటికి త్రిప్పిన పుస్తకములో పడును. గండి వానవలన పడినదని మన మందుము. సగము గండి ఆ పుస్తకములోనే పడినదని మేమనుచున్నాము.

గ్రామ పంచాయతి వేఱు, గ్రామసభ వేఱు. ఈ భేదము మన సంఘ సభ్యులకు తెలియుట సులభము. సహకార సంఘమున పాలకవర్గ మొకటి, మహాజనసభ యొకటి కలవు. పాలకవర్గము మనమెన్నుకొన్న కొలదిమంది, మహాజనసభ మనమందఱము. అట్లే సర్పంచును వార్డు సభ్యులును కూడినది పంచాయతి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును సభ్యులుగా గలది గ్రామసభ. దానికి ప్రవేశరుసుము లేదు, వాటాధనము లేదు, సిఫారసు లేదు. ఓటున్నవాడు దానిలో సభ్యుడే.

ఈ హక్కు ఒకరి దయవలన వచ్చినది కాదు. 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చినప్పుడు గ్రామసభ యను పేరు రాజ్యాంగములోనికే యెక్కినది. పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయముల పట్టిక యొకటి అందు చేర్పబడినది. ఆ పట్టికలో మొదటిది వ్యవసాయము. భూసంరక్షణము, చిన్ననీటి వనరులు, పశుపోషణము, త్రాగునీరు, రోడ్లు అన్నియు అందున్నవి. తెలంగాణములో 2018 నాటి పంచాయతిరాజ్ చట్టము గ్రామసభను రెండు నెలల కొకసారి యైనను కూర్చవలయునని విధించినది. ఎంతమంది హాజరైన సభ చెల్లునో అదియు ఓటర్ల సంఖ్యను బట్టి నిర్ణయించినది. పారిశుద్ధ్యము, వీధిదీపములు, మొక్కల పెంపకము, పనులు–సంతలు అను నాలుగు స్థాయీసంఘములను ప్రతి పంచాయతి యందును ఏర్పరుపవలయునని చెప్పినది. చట్టమువలన లోపము కొంత యుండవచ్చును గాని, మన గైరుహాజరువలన వచ్చు లోపము అంతకంటె పెద్దది.

నేటి యువకులకు సభ యనిన విసుగు. వారి తాతలకు సభ యనిన భయము. నిజాము రాజ్యమున సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలసియుండెను. ఆ నిర్బంధపు ఉత్తరువు గస్తీ నిషాన్ 53 అను పేరుతో పేరుమోసినది. 1921 నవంబరున హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడగా సభలోని కొందఱు గేలిచేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. అది పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభగా కూడినది. ఆ చోటనే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగినది. తన భాషలో, తన వారి యెదుట, తన కష్టము చెప్పుకొను హక్కు కొఱకు మన పెద్దలు ఎంత దూరము నడచిరో దీనివలన తెలియును.

పల్లెలలోని సంగతి చెప్పనక్కరలేదు. గడిముందు చేతులు కట్టుకొని నిలుచుండుటయే నాడు రైతు పాల్గొన్న సభ. దొర మాటయే తీర్మానము. పట్వారి వ్రాతయే లెక్క. 1959 అక్టోబరున పండిత నెహ్రూ మహబూబునగరు జిల్లా షాద్‌నగరులో పంచాయతిరాజ్యమును ప్రారంభించెను. 1984 జనవరిలో పటేలు, పట్వారి కొలువులు రద్దయ్యెను. గడి కూలినది, కొలువు పోయినది. అయినను చేతులు కట్టుకొను అలవాటు మాత్రము కొన్ని యూళ్లలో ఇంకను మిగిలియున్నది. ఒకప్పుడు దొర యెదుట కట్టుకొన్న చేతులు నేడు గుత్తేదారు యెదుట, పార్టీ నాయకుని యెదుట కట్టుకొన్న నేమి భేదము?

ఇటీవలి సంగతులను కొన్ని చూతము. తెలంగాణములో పంచాయతుల పదవీకాలము 2024 జనవరి చివరితో ముగిసినది. పిదప రెండేండ్లకు కొంచెము తక్కువగా ప్రత్యేకాధికారుల పాలన నడచెను. ఎన్నికైన పాలకవర్గము లేనందున కేంద్ర ఆర్థిక సంఘపు నిధులు నిలిచిపోయినవి. వీధిదీపము మొదలు ట్రాక్టరు డీజిలు వఱకు పంచాయతులు ఇబ్బంది పడినవి. తుదకు 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగినవి. ఊరికి మరల సర్పంచు వచ్చెను. కాని ఆ మధ్యకాలమున జరిగిన యొక ముచ్చట మనము మఱువరాదు.

2025 జనవరి 21 నుండి 24 వఱకు ఊరూర గ్రామసభలు జరిగెను. రైతు భరోసా, కూలీల ఆత్మీయ భరోసా, ఇండ్లు, రేషను కార్డులు అను నాలుగింటికి అర్హుల జాబితాలను అందు చదివిరి. సభలు కిటకిటలాడెను. ఏండ్లతరబడి గ్రామసభ ముఖము చూడనివారు ముందు వరుసలో కూర్చుండిరి. పేరు రానివారు లేచి నిలదీసిరి. పెక్కుచోట్ల వాగ్వాదములు జరిగెను. దీనిని చూచి సభలు కలహములకు మూలమని కొందఱు చదువుకొన్నవారు పెదవి విరిచిరి. మా యభిప్రాయము వేఱు. జాబితా నలుగురి యెదుట చదువబడినందుననే తప్పు బయటపడినది. గదిలో కూర్చుండి వ్రాసిన జాబితాకు ఎవరును అడ్డు చెప్పలేరు. కలహము సభ పుట్టించినది కాదు, అంతకు ముందే లోలోన నున్నది. పొలములో నీరు నిలిచినచోటు వాన కురిసిననే కదా తెలియును.

కాని ఆ సభలు మనకును ఒక ప్రశ్న వేయుచున్నవి. జాబితాలో నా పేరున్నదా యని చూచుటకు వచ్చిన వేయిమంది, మా చెరువు శిఖములో ఎంత భూమి యాక్రమణకు గురియైనది, పంచాయతి రాబడి యెంత, ఖర్చెంత యని యడుగుటకు ఏల రారు? తనకు వచ్చుదానికొఱకు పరుగెత్తి, ఊరికి పోవుదానియెడల కన్నుమూసికొనువాడు పౌరుడు కాడు, యాచకుడు. ఈ మాట కటువైనను చెప్పక తప్పదు. రైతు యాచకుడు కారాదనియే కదా మన సహకారోద్యమము పుట్టినది.

పాలకులకును చెప్పవలసిన మాట యొకటి కలదు. నిర్ణయము ముందుగా చేసి, పిదప అభిప్రాయము చెప్పుడని సభ పిలిచిన నది సభ కాదు. వికారాబాదు జిల్లా లగచర్లలో 2024 నవంబరు 11న భూసేకరణమును గూర్చి అభిప్రాయములు తెలిసికొనుటకు పోయిన కలెక్టరు మొదలగు అధికారులపై దాడి జరిగెను. పలువురు రైతులు చెరసాల పాలైరి. ఆ నెల చివరనే ప్రభుత్వము ఔషధ పరిశ్రమలకై యిచ్చిన ప్రకటనను ఉపసంహరించుకొనెను. దౌర్జన్యమును మేము సమర్థింపము. చేయెత్తినవాడు తన వాదమునే పోగొట్టుకొనును. కాని భూమి పోవునేమో యను భయము నెలలతరబడి ఊరిలో రగులుచుండగా, దానిని చెప్పుకొనుటకు తగిన చోటు లేనప్పుడు నోట రావలసినది చేతికి వచ్చును. మొదటినుండి గ్రామసభలో పటము పఱచి, సర్వే నంబర్లు చదివి, ఔననువారి మాట, కాదనువారి మాట వ్రాసికొన్నచో ఇంత దూరము పోవునా?

సభల సంఖ్య పెంచిన మాత్రమునను లాభము లేదు. ఆంధ్రప్రదేశములో 2024 ఆగస్టు 23న ఒక్క దినమున 13,326 పంచాయతులలో గ్రామసభలు జరిపిరి. ఉపాధి హామీ పనులను అందు ఎన్నుకొనిరి. కొనియాడదగిన ప్రయత్నమే. కాని విత్తనము చల్లిన దినము పండుగయైనను, పంట చేతికి వచ్చునది కలుపు తీసిన దినములవలన. ఆ దినము వ్రాసికొన్న పనులలో ఎన్ని జరిగినవి, ఎంత ఖర్చయ్యెనని మఱుసటి సభలో చదివి వినిపించిననే ఆ సభకు విలువ. ఈ పాఠము తెలుగునాట క్రొత్తది కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము పనుల లెక్కలను తనిఖీ చేయు అధికారమును గ్రామసభకే యిచ్చెను. దాని ననుసరించి 2006 నుండి తెలుగు పల్లెలలో సామాజిక తనిఖీలు సాగెను. మస్టరు కాగితము చేతబట్టి ఇంటింటికి పోయి, ఇన్ని దినములు పని చేసితివా, ఇంత కూలి ముట్టెనా యని యడిగి, తేలినదానిని బహిరంగసభలో చదివిరి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమునకు బదులు మరియొక చట్టము చేసెను. చట్టము మారినను పద్దు చదివించు అలవాటు మారరాదు.

ఇక ఊరిలోపలి రోగములను చూతము. సర్పంచు పదవిని ఏకగ్రీవము చేయుట యొక గౌరవముగా భావింపబడుచున్నది. ఊరంతయు మనస్ఫూర్తిగా నొకనిని ఎన్నుకొన్న గౌరవమే. కాని గుడిముందు వేలముపాట పెట్టి, ఎక్కువ పాడినవానికి పదవి కట్టబెట్టి, దానిని ఏకగ్రీవమనుట ఏమి న్యాయము? పాట సొమ్ముతో గుడి కట్టింపవచ్చును, గోపురమెత్తింపవచ్చును. కాని పెట్టుబడి పెట్టినవాడు వడ్డీతో రాబట్టుకొనక మానడు. అతడు లెక్క చెప్పవలసినది ఊరికా, తన అప్పులవానికా? ఓటును పోగొట్టుకొన్న యూరికి అడుగు హక్కెక్కడిది?

రెండవ రోగము మరింత సూక్ష్మమైనది. నిజామాబాదు ప్రాంతమున గ్రామాభివృద్ధి కమిటీ లను పేర కొన్ని సంఘములు చిరకాలముగా నున్నవి. కులమున కొకరు చొప్పున పెద్దలు కూడి, కాలువల మరమ్మతు, బడికట్టడము వంటి మంచిపనులు చేసిన యూళ్లు లేకపోలేదు. ఆ కట్టుబాటును మేము మెచ్చుకొందుము. కాని కొన్నిచోట్ల ఇట్టి కమిటీలు జరిమానాలు వేయుట, తమ మాట వినని కుటుంబమును, ఒక్కొక్కప్పుడు ఒక కులమునంతటిని వెలివేయుట, అంగడిలో సరుకమ్మరాదనుట, పొలమునకు కూలీలు పోరాదనుట జరిగి, పోలీసు కేసులు, న్యాయస్థానముల తీర్పులు వచ్చినవి. గ్రామసభకును దీనికిని భేదమేమి? గ్రామసభలో వెలివేయబడినవాడును సభ్యుడే. అతని పేరు ఓటర్ల జాబితానుండి ఏ పెద్దమనిషియు కొట్టివేయలేడు. కమిటీకి అప్పీలు లేదు, లెక్కల తనిఖీ లేదు, ఓడించుటకు ఎన్నిక లేదు. కావున కమిటీ చేయు మంచిపనిని గ్రామసభ తీర్మానము క్రిందికి తెండు; చెడ్డపని దానంతటదియే రాలిపోవును.

మంచి మార్గమున నడచిన యూళ్లును మన కండ్లయెదుట నున్నవి. వరంగల్లు జిల్లా గీసుకొండ మండలములోని గంగదేవిపల్లి మునుపు మాచాపూరునకు శివారుపల్లెగా నుండి, 1994లో ప్రత్యేక పంచాయతి యయ్యెను. త్రాగునీటి కొకటి, పారిశుద్ధ్యమున కొకటి, ఇట్లు ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంఘము నేర్పఱచుకొని, ఇంటివారందఱు ఏదో యొక పనికి బాధ్యులై, ఆ పల్లె దేశమునందే పేరుగాంచెను. అక్కడ బంగారము పండు నేల లేదు, పెద్ద ఫ్యాక్టరీ లేదు. ఉన్నదెల్ల కూర్చుండి మాటలాడుకొను అలవాటు.

స్త్రీల విషయమున ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన పంచాయతులలో సగము స్థానములు స్త్రీలకు చట్టముచే కేటాయింపబడినవి. స్విట్జర్లాండులో అప్పెన్‌జెల్ అను చిన్న రాష్ట్రమొకటి కలదు. అచ్చటి జనులు ఏటేట బహిరంగ మైదానమున కూడి చేతులెత్తి చట్టములు చేయుదురు. లోకములోని ప్రాచీన ప్రజాసభలలో నది యొకటి. అట్టిచోట స్త్రీలకు ఆ సభలో చేయెత్తు హక్కు న్యాయస్థానపు తీర్పువలన 1990లో గాని రాలేదు. మన పల్లె స్త్రీకి ఆ హక్కు చట్టమున వారికంటె ముందే కలదు. కాని సర్పంచు కుర్చీలో ఆమె, మాట మాత్రము భర్తది యగుచున్నది. నాటు వేయునది, కలుపు తీయునది, పాలు పితుకునది, నీరు మోయునది స్త్రీ. బోరింగు చెడిపోయిన మొదట తెలియునది ఆమెకు. ఆమె మాట వినని సభ సగము చెవిటి సభ.

సభకు రానివారు చెప్పు ఆక్షేపణలు మూడు. మాకు తీరిక లేదందురు. నాట్లు, కోతల దినములలో ఈ మాట నిజమే. అట్లయిన తీరిక గల వేళనే సభ పెట్టుడని లిఖితపూర్వకముగా అడుగుడు. ఉదయము పదునొకండు గంటలకు పిలిచిన సభకు నాగలి విడిచి ఎవరు వత్తురు? మాటలాడిన పగ వచ్చునందురు. ఒక్కడు మాటలాడిన పగ. ఇరువదిమంది కలిసి అడిగిన అది ఊరిమాట. ఎంత చెప్పినను అధికారులు తమకు తోచినదే చేయుదురందురు. కావచ్చును. కాని తీర్మానపు పుస్తకములో వ్రాయబడిన మాటను త్రోసివేయుటకు అధికారి కారణము చూపవలసివచ్చును. రచ్చబండమీద అనుకొన్న మాట గాలికి పోవును.

ఇట్లు చేయవచ్చునని సంఘ సభ్యులకు మా మనవి. సభకు ముందునాటి సాయంకాలము సంఘ కార్యాలయమున పది మంది కూడి చర్చింపవలసిన సంగతుల జాబితాను పంచాయతి కార్యదర్శి నడిగి తెచ్చి చదువుకొనుడు. అడుగవలసిన ప్రశ్నలను రెండింటికో మూడింటికో తగ్గించుకొని, ఎవరు ఏది యడుగవలయునో పంచుకొనుడు. సభ మొదలు కాగానే గత సభ తీర్మానములను, వాని యమలును, మూడు మాసముల జమాఖర్చును చదువుమని కోరుడు. ముగియునప్పుడు తీర్మానమును బిగ్గరగా చదివించి, విన్నపిదపనే చేవ్రాలు చేయుడు. సభ జరుగక ఇంటికి వచ్చిన పుస్తకములో ఎంత చుట్టమైనను చేవ్రాలు చేయకుడు. మన సంఘములో అప్పు పత్రమును చదువక సంతకము పెట్టువానిని మనము వెఱ్ఱివాడందుము. గ్రామసభ పుస్తకమును ఊరు వ్రాసి యిచ్చు పత్రముగానే చూడవలయును.

ఈ మాటలు మేము గౌలిపురము నుండి వ్రాయుచున్నాము. పాలమ్ముకొను గౌలీల పేర వెలసిన యీ పాతబస్తీ పేట నేడు ఇరుకు సందుల నగరమైనది. ఇచ్చట ఓటు కలదు. 1993 జూను 1న అమలులోనికి వచ్చిన 74వ సవరణము పెద్ద పట్టణములకు వార్డు సంఘములను చెప్పినది. కాని ప్రతి ఓటరును సభ్యుడై, లేచి అడుగగల గ్రామసభ వంటిది నగరవాసికి ఆచరణలో లేదు. ఇక్కడి మురుగు మూసీలో కలిసి, ఆ నీటితో పెరిగిన గడ్డి మరల నగరపు గేదెలకు మేతయై వచ్చుచున్నది. ఆ నీటిని గూర్చి ఇక్కడివాడు అడుగుటకు చోటు లేదు. మూసీ దిగువ నున్న పల్లెవాడు తన గ్రామసభలో అడుగగలడు, వ్రాయింపగలడు, పై అధికారికి పంపగలడు. నగరము ఆశపడు హక్కును పల్లె ఊరక పాడుపెట్టుచున్నది.

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు నేతపనివారు సహకారమునకు పునాది వేసినప్పుడు, వాటా యెంతయున్నను మనిషి కొక్కటే ఓటని నిశ్చయించిరి. గ్రామసభలోను నూరెకరములవానికిని, భూమి లేని కూలికిని ఒక్కటే గొంతు. ఈ సమానత్వమును మన సంఘములో నేర్చినవారము మనము; దానిని ఊరిలోనికి కొనిపోవుట మన బాధ్యత. క్రొత్త పాలకవర్గములు కొలువెక్కినవి. తొలియేడు పడిన అలవాటే ఐదేండ్లును నిలుచును. వానకాలపు పనులు మొదలిడుటకు ముందే మీ ఊరి చెరువు, మీ ఊరి పద్దు గ్రామసభలో నొకసారి చర్చకు వచ్చునట్లు చూడుడు. తట్టయు పారయు గండి పడిన నాటికి కాక, తీర్మానము వ్రాయు నాటికే సిద్ధముగా నుండవలయును.